దూరప్రయాణపు బైకుకు లగేజీ ర్యాక్ బిగించడం, బరువు సర్దడం

ర్యాక్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే బోల్టులన్నింటినీ మొదట చేత్తో సగం వరకే తిప్పి, రంధ్రాలన్నీ సరిగ్గా కుదిరాయని చూసుకున్న తరువాతే, మాన్యువల్‌లో చెప్పిన మేరకు టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచి) ఒక్కొక్కటిగా బిగించాలి. ఒకదాన్ని ముందే పూర్తిగా బిగిస్తే మిగిలినవి వంకరగా ఎక్కి మరలు అరిగిపోతాయి. మరలకు నీలిరంగు థ్రెడ్‌లాకర్ (అదురుకు బోల్టు వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) ఒక చుక్క వేయడం మంచిది. తొలి 100 కిలోమీటర్ల తరువాత మళ్లీ రెంచి పెట్టి చూడటం మాత్రం తప్పనిసరి.

అసలు జాగ్రత్త కావలసింది బరువు విషయంలోనే. పనిముట్లు, నీళ్ల సీసాల వంటి బరువైన వస్తువులను ఇరువైపుల సంచుల్లో అడుగున సమానంగా సర్ది, దుప్పటి, బట్టల వంటి తేలికైనవాటినే ర్యాక్‌పై ఉంచాలి. వెనుక ఇరుసు దాటి పెట్టిన ప్రతి కిలో ముందు చక్రంపై భారాన్ని తగ్గిస్తుంది. శ్రీశైలం ఘాట్ మలుపుల్లో హ్యాండిల్ తేలిపోతున్నట్లు అనిపించేది అందుకే. ర్యాక్ తయారీదారు చెప్పిన పరిమితిని ఎన్నడూ దాటకూడదు. సాగే తాడు కొక్కెం ఊడితే చక్రంలో చిక్కుకునే ప్రమాదం ఉంది కనుక నేను బకిల్ పట్టీలనే వాడతాను. వాటి మిగులు కొసలను కూడా మడిచి కట్టాలి. బయలుదేరే ముందు, సామానుతోనే, వెనుక టైరు గాలి, సస్పెన్షన్ ప్రీలోడ్ (స్ప్రింగును ముందే ఎంత నొక్కి ఉంచామన్నది), చైను బిగువు, హెడ్‌లైట్ ఎత్తు సరిచూసుకోవాలి.