బృంద చరిత్ర రాయడం నేర్చుకుందాం – నాలుగవ పాఠం: ఒకే ఆల్బమ్‌కు రెండు పేర్లు

‘ది రికార్డ్స్’ అనే బ్రిటిష్ పవర్ పాప్ (గిటార్ల జోరుతో, సులువుగా నోటికి పట్టే రాగాలతో సాగే రాక్ సంగీతం) బృందపు కాలక్రమాన్ని రాసి పంపమని గత పాఠం చివర అడిగాను. వచ్చిన జవాబులలో చాలా వాటిలో ఆ బృందం 1979లో రెండు ఆల్బమ్‌లు విడుదల చేసినట్టుగా ఉంది. ఈ పాఠంలో సభ్యుల పరిచయం ఎలా రాయాలో చెప్పవలసి ఉన్నా, దానిని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. ఈ తప్పును ఇలాగే వదిలివేస్తే దాని మీద కట్టిన కథ అంతా తప్పే అవుతుంది.

వర్జిన్ అనే రికార్డు సంస్థ 1979లో బ్రిటన్‌లో ‘షేడ్స్ ఇన్ బెడ్’ పేరుతో విడుదల చేసిన ఆల్బమే అమెరికాలో ‘ది రికార్డ్స్’ అని బృందం పేరుతోనే వచ్చింది. అక్కడ అట్ట మారింది, పాటల వరుస మారింది; అంత మాత్రాన అది రెండవ ఆల్బమ్ కాదు. రెండవది 1980లో వచ్చిన ‘క్రాషెస్’, మూడవది 1982లో వచ్చిన ‘మ్యూజిక్ ఆన్ బోత్ సైడ్స్’. ఆ ఏడాదితోనే బృందం ముగిసింది. 1978 నుండి 1982 వరకు సాగిన ఆ ప్రయాణంలో మొత్తం ఆల్బమ్‌లు మూడే.

లెక్క తప్పడం కంటే నన్ను ఎక్కువగా బాధించినది దాని వెంట వచ్చిన ఊహ. ఒకే ఏడాదిలో రెండు ఆల్బమ్‌లు అని రాసుకున్నవారు అందుకు కారణం చూపవలసి వచ్చి, మొదటిది అమ్ముడుపోకపోవడంతో బృందం హడావిడిగా రెండవది తెచ్చిందని రాశారు. జరగని సంఘటనకు కారణం కల్పించడం చరిత్ర రాసేవారు చేయకూడని పని. అందుచేత ఒకే ఏడాదిలో ఒకే బృందం పేరిట రెండు ఆల్బమ్‌లు కనిపించినప్పుడు కారణాన్ని వెతకడానికి ముందే రెండు పాటల జాబితాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. సగానికి పైగా పాటలు కలిస్తే ఒకే ఆల్బమ్ రెండు దేశాలలో రెండు రూపాల్లో వచ్చిందని ముందుగా అనుమానించండి.

చార్టు (ఆదరణను బట్టి పాటలకు, ఆల్బమ్‌లకు స్థానాలు ఇచ్చే పట్టిక) సంఖ్యల విషయంలోనూ ఇదే జరుగుతుంది. ‘ఆల్బమ్ 41వ స్థానానికి చేరింది’ అని రాసి ఊరుకున్న వాక్యాన్ని నేను అంగీకరించను. ఏ దేశపు చార్టులో? మొదటి ఆల్బమ్‌కు వచ్చిన ఆ 41 అమెరికాలోని బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టుది. ఈ బృందపు ‘స్టారీ ఐస్’ పాటకు వచ్చిన 56వ స్థానం కూడా అమెరికా సింగిల్స్ (విడిగా విడుదలైన పాటల) చార్టుదే. బ్రిటన్ సింగిల్స్ చార్టులో ఆ పాటకు చోటే దక్కలేదు. 1978 చివర సొంత లేబుల్ (రికార్డు సంస్థ పేరు) మీద తెచ్చుకున్న పాట స్వదేశంలో చార్టుకు ఎక్కకుండా సముద్రం అవతల వినబడిందన్నదే ఈ బృందపు స్వల్పకాలిక చరిత్రలో కీలకమైన విషయం. దేశం పేరు వదిలేస్తే ఆ విషయమే పాఠకునికి అందదు. గిటారు తీగల మోత, ఒకదానిపై ఒకటి పేర్చిన గొంతులు కలిసి నడిచే ఆ పాట ప్రేమగీతంలా వినిపించినా, దాని వెనుక ఉన్నది ఒక మేనేజరుతో వచ్చిన చిక్కు. పవర్ పాప్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ముందుగా ఆ పాటనే వినిపిస్తాను.

మరొక తికమక బ్రిటన్ చార్టులోని 14వ స్థానాన్ని ‘ది రికార్డ్స్’దే అనుకోవడం. 1976లో ‘లిటిల్ డజ్ షీ నో’ పాటతో బ్రిటన్ చార్టులో ఆ స్థానానికి చేరినది ఇంగ్లండ్‌లోని సౌత్‌ఎండ్‌కు చెందిన ‘కర్సాల్ ఫ్లయర్స్’ బృందం. ఆ బృందంలో డ్రమ్స్ వాయించిన విల్ బర్చ్, చివరి దశలో అందులో చేరిన జాన్ విక్స్ కలిసి తరువాత ‘ది రికార్డ్స్’ను నిలబెట్టారు. మనుషులు వారే అయినా పాత బృందపు విజయాన్ని కొత్త బృందం ఖాతాలో వేయకూడదు. ‘హార్ట్స్ ఇన్ హర్ ఐస్’ సంగతి దీనికి తిరగబడినది: పాట ‘ది రికార్డ్స్’ వారిదే, కాని 1979లో దానిని ముందుగా రికార్డుగా తెచ్చినవారు అరవైల నాటి బ్రిటిష్ బృందం ‘ది సర్చర్స్’, ‘ది రికార్డ్స్’ వారు పాడినది ‘క్రాషెస్’లో వచ్చింది.

నేను పాటించే పద్ధతి చాలా సులువైనది. కాగితం మధ్యలో నిలువుగా గీత గీసి ఎడమవైపు బ్రిటన్, కుడివైపు అమెరికా అని రాసుకుంటాను. విడుదల తేదీలు, పేర్లు, స్థానాలు ఏ దేశానివి ఆ వైపే ఉంటాయి. సభ్యుల రాకపోకలను గీత మీద రాస్తాను. ప్రధాన గిటారు వాయించిన హ్యూ గోవర్ వెళ్లిపోవడం, అతని స్థానంలో అమెరికన్ అయిన జూడ్ కోల్ రావడం, మూడవ ఆల్బమ్‌కు వచ్చేసరికి ప్రధాన గాయకునిగా క్రిస్ జెంట్ చేరడం ఆ గీత మీదే వరుసగా కనబడతాయి. ఆల్బమ్ ఆల్బమ్‌కూ ముఖ్యమైన మనిషి మారిపోతున్న సంగతి ఆ కాగితమే చెబుతుంది. బృందం ఎందుకు నిలవలేదన్న ప్రశ్నకు జవాబు వెతకడం మొదలుపెట్టవలసినది అక్కడి నుండి. జ్ఞాపకాల వ్యాసాలను, ఇంటర్వ్యూలను నేను ఈ కాగితం నిండిన తరువాతే చదువుతాను; ముందే చదివితే చెప్పినవారి కోపతాపాలు మన కాలక్రమంలోకి చేరతాయి.

ఆల్బమ్ అట్ట మీది వివరాలు చదవడం మీకు తెలిసినదే కనుక దానిని వివరించడం లేదు.

అభ్యాసం: ఇంగ్లండ్‌లోని గిల్డ్‌ఫర్డ్‌కు చెందిన ‘ది వేపర్స్’ బృందాన్ని తీసుకోండి. 1980లో ‘న్యూ క్లియర్ డేస్’, 1981లో ‘మాగ్నెట్స్’ విడుదల చేసి విడిపోయిన బృందం అది. వారి ‘టర్నింగ్ జాపనీస్’ పాట బ్రిటన్‌లో 3వ స్థానానికి చేరింది. ఈసారి మూడవ గడి కూడా గీయండి, ఎందుకంటే ఆ పాట ఆస్ట్రేలియాలో కూడా పెద్ద విజయం సాధించింది. మూడు గడులూ నింపిన తరువాత ఆ బృందపు చరిత్రను ఒక్క పేరాలో రాయండి. అందులో దేశం పేరు లేని చార్టు సంఖ్య ఒక్కటి కూడా ఉండకూడదు. ‘దురదృష్టం’, ‘విఫలం’ అనే మాటలు వాడకూడదు. ప్రతి కారణానికీ ముందు వాక్యంలో ఆధారం కనబడాలి. అలా కుదరని వాక్యాన్ని కొట్టివేసి, మిగిలినది మాత్రమే పంపండి.