పాత బుల్లెట్ వెనక బ్రేకు పట్టట్లేదా? షూలు మార్చే ముందు ఇవి చూడండి

కుడికాలి గేరు, ఎడమకాలి బ్రేకు ఉన్న పాత బుల్లెట్లు మన హనుమకొండ, కాజీపేట, నర్సంపేట వైపు ఇంకా బాగానే తిరుగుతున్నాయి. వెనక బ్రేకు పట్టట్లేదని షెడ్డుకు తీసుకుపోతే మొదట వినిపించే మాట "షూలు మార్చాలె అన్నా". షూలంటే డ్రమ్ము లోపల రాసుకుని చక్రాన్ని ఆపే వంపు ముక్కలు. మారుస్తారు, కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ మొదటికే వస్తుంది. ఈ బండిలో డ్రమ్మూ, చైన్ తిరిగే పళ్ల చక్రం స్ప్రాకెట్టూ ఒకటే ముక్క, చైన్ కూడా అటు పక్కనే. చైన్ బిగించాలని చక్రాన్ని వెనక్కి జరిపితే పెడల్ నుంచి డ్రమ్ముకు పోయే బ్రేకు రాడ్డు కూడా బిగుస్తుంది. అందుకే చైన్, చక్రం, బ్రేకు మూడింటినీ కలిపి చూడాలి, ఒక్కదాన్ని పట్టుకుంటే పని కాదు.

పెడల్ కిందికి పోతుంది, బండి ఆగట్లేదు

ఎవరినైనా పెడల్ తొక్కి పట్టుకోమని చెప్పి మీరు డ్రమ్ము దగ్గర కూర్చోండి. బ్రేకు పట్టిన క్షణంలో రాడ్డుకూ, అది లాగే డ్రమ్ము మీది లివర్‌కూ మధ్య కోణం దాదాపు 90 డిగ్రీలు ఉండాలి. లివర్ అది దాటి బాగా వాలిపోతుంటే లైనర్లు (షూల మీద రాసుకునే పొర) అరిగాయి, లేదా లోపల షూలను విడదీసే క్యామ్ అరిగింది. ఎంత గట్టిగా తొక్కినా ఆ బలం షూ దాకా పోదు. ఇక్కడ కొందరు రాడ్డు చివరి నట్టు ఇంకో నాలుగు చుట్లు తిప్పి పంపిస్తారు. పళ్ల మీద కూర్చునే లివర్ ఉన్న బండ్లలో అయితే లివర్‌ని ఊడదీసి ఒక పన్ను జరిపి పెడతారు. దయచేసి ఒప్పుకోకండి. లైనర్ అయిపోయిన సంగతి దాచిపెట్టడమే అది. క్యామ్ మరీ ఎక్కువ తిరిగితే అడ్డం పడి చక్రం పట్టేసుకునే ప్రమాదం కూడా ఉంది.

కోణం బాగానే ఉండి బ్రేకు పట్టట్లేదంటే డ్రమ్ము విప్పాల్సిందే. లైనర్ నల్లగా అద్దంలా మెరుస్తుంటే పైపొర గట్టిపడిందని అర్థం. శాండ్ పేపర్‌తో అడ్డంగా రుద్ది ఆ మెరుపు పోగొడితే చాలు. తడిగా, జిడ్డుగా ఉంటే మాత్రం ఆ లైనర్ పని అయిపోయినట్టే. పెట్రోల్‌తో కడిగితే పైకి శుభ్రంగా కనిపిస్తుంది కానీ లోపల పీల్చుకున్న ఆయిల్ వేడెక్కగానే మళ్లీ బయటికి వస్తుంది. కొత్త షూలు వేసే ముందు ఆ జిడ్డు ఎక్కడిదో చూడండి. బేరింగ్‌లో గ్రీజు ఎక్కువ కూరి ఉంటారు, సీల్ చిరిగి ఉంటుంది, లేదా చైన్‌కు పోసిన ఆయిల్ చిమ్మి పడుతుంటుంది. కారణం అట్లాగే ఉంచి షూలు మారిస్తే డబ్బులు దండగ. రివెట్ కొట్టిన లైనర్లయితే రివెట్ తల పైకి రాకముందే మార్చేయండి, లేదంటే డ్రమ్ములో గాడి పడుతుంది.

కొత్త షూలు వేశాక కూడా పట్టు చాలట్లేదంటే సుద్దముక్క పరీక్ష చేయండి. లైనర్ మొత్తానికి సుద్ద రాసి, బిగించి, చక్రం తిప్పుతూ మెల్లగా బ్రేకు పట్టించి మళ్లీ విప్పండి. సుద్ద చెరిగిన చోటే డ్రమ్ముకు తగులుతున్నట్టు. కొత్త లైనర్‌లో చాలాసార్లు ఒక చివర వేలెడంత మేరే చెరుగుతుంది, మిగతాది తెల్లగా అట్లాగే ఉంటుంది. తగిలిన చోట కొద్దిగా రుద్ది మళ్లీ చూడండి. ఓపిక కావాలి గానీ ఈ పని చేసిన బండికీ చేయని బండికీ తేడా మీ కాలికే తెలుస్తుంది.

బ్రేకు వదిలినా చక్రం పట్టుకునే ఉంది

మెయిన్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి చక్రం తిప్పండి. బరువుగా తిరిగి వెంటనే ఆగిపోతుంటే మొదట అడగాల్సిన ప్రశ్న, ఈ మధ్య చైన్ బిగించారా? బిగించి ఉంటే రాడ్డు నట్టు వదులు చేయండి. పెడల్‌కు దాదాపు 25 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. అయినా పోకపోతే క్యామ్ ఎండిపోయి ఉంటుంది, స్ప్రింగులు సాగి ఉంటాయి, లేదా పెడల్ ఇరుసు దగ్గర తుప్పు పట్టి ఉంటుంది. క్యామ్ తీసి, తుడిచి, గ్రీజు పలచగా రాయండి, ఎక్కువైతే అది లైనర్ మీదికే పోతుంది. కాసేపు నడిపాక డ్రమ్మును చేత్తో పట్టుకుని చూడొద్దు, కాలుతుంది. నాలుగు నీటి చుక్కలు చల్లండి, చుయ్‌మంటే బ్రేకు రాసుకుంటోంది.

తొక్కితే పెడల్ కాలిని తంతుంది

డ్రమ్ము గుండ్రం తప్పింది. లేత్ మీద సన్నగా తీయిస్తే సరిపోతుంది, కానీ గాడులు లోతుగా ఉంటే మార్చడమే మేలు, పలచబడ్డ డ్రమ్ము మీద నమ్మకం పెట్టుకోలేం. ఆర్ఎక్స్ 100 లాంటి బండ్లలో డ్రమ్ము హబ్‌లోనే ఉంటుంది కాబట్టి చక్రం పుల్లలు (స్పోకులు) ఒక పక్క ఎక్కువ బిగించినా డ్రమ్ము ఆకారం మారుతుంది. బుల్లెట్ వెనక డ్రమ్ము విడిగా ఉంటుంది, అక్కడ ఆ అనుమానం అక్కర్లేదు.

వెనకభాగం ఊగుతుంది, టక్‌మని కొడుతుంది

యాక్సిలరేటర్ ఇచ్చి వదిలినప్పుడల్లా టక్‌మంటే చక్రానికీ డ్రమ్ముకూ మధ్య ఉండే కప్లింగ్ రబ్బర్లు అయిపోయాయి. చక్రాన్ని పైన, కింద పట్టుకుని అటూ ఇటూ ఊపితే ఆడుతుంటే బేరింగులు, లేదా వెనక ఫోర్కు (స్వింగ్ ఆర్మ్) బుష్‌లు పోయినట్టు. బేరింగులు మార్పించినప్పుడు రెండింటి మధ్య ఉండే గొట్టం మళ్లీ వేశారో లేదో దగ్గరుండి చూడండి. అది లేకుండా యాక్సిల్ (చక్రం ఇరుసు) బిగిస్తే కొత్త బేరింగులు కూడా తొందరగా పోతాయి. పుల్లలను స్పానర్‌తో ఒక్కొక్కటిగా తట్టండి, వదులైనది మొద్దుగా మోగుతుంది. ఇవన్నీ బాగుండి కూడా ములుగు రోడ్డు మీద వేగం అందుకోగానే పక్కకు లాగుతుంటే చక్రాలు ఒకే వరసలో లేవు. చైన్ అడ్జస్టర్ల గాట్లు లెక్కపెట్టి సరిపెట్టుకోకండి, పాత ఫ్రేముల్లో అవి నిజం చెప్పవు. ముందు టైరు నుంచి వెనక టైరుకు దారం లాగి చూడండి.

వానాకాలం అండర్ బ్రిడ్జి కింద నీళ్లలోంచి వచ్చాక బ్రేకు పట్టకపోతే టెన్షన్ పడకండి. ముందూ వెనకా చూసుకుని, మెల్లగా పోతూ కొద్దిదూరం బ్రేకు తేలిగ్గా పట్టి ఉంచితే ఆరిపోతుంది.

మళ్లీ బిగించేటప్పుడు

డ్రమ్ములోని దుమ్మును గాలి కొట్టి ఊదొద్దు. పాతకాలం లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది, ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి. కుర్రవాళ్లతో ఈ పని చేయించే షెడ్ల వాళ్లు ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టించుకోవాలి.

చైన్ సరిచేశాక, యాక్సిల్ నట్టు పూర్తిగా బిగించకముందే పెడల్ గట్టిగా తొక్కించి, అట్లాగే పట్టుకోమని చెప్పి అప్పుడు నట్టు బిగించండి. షూలు డ్రమ్ము మధ్యలో కూర్చుంటాయి, దీనికి పైసా ఖర్చు లేదు. రాడ్డు అడ్జస్ట్‌మెంట్ ఆ తర్వాతే. చివరగా షూలు కూర్చునే బ్రేకు ప్లేటును కదలకుండా పట్టి ఉంచే యాంకర్ తన చోట కూర్చుందా, నట్టుకు పిన్ను ఉండాల్సిన చోట ఉందా అని కళ్లారా చూడండి. యాంకర్ లేకపోతే బ్రేకు వేయగానే ప్లేటే తిరిగిపోతుంది, చక్రం బిగుసుకుంటుంది. ఖాళీ రోడ్డు మీద మెల్లగా నడిపి నాలుగైదుసార్లు బ్రేకు వేసి చూసి, ఇంటికొచ్చాక యాక్సిల్ నట్టుకు మరోసారి స్పానర్ పెట్టండి.