ఎలక్ట్రిక్ స్టీరింగ్ పీకి హైడ్రాలిక్ పెట్టే ముందు

పెద్ద టైర్లు వేశాక ఆఫ్‌రోడ్ ట్రక్కు స్టీరింగ్ మొరాయిస్తోందా? దాన్ని తీసి, పంపు తోసే ఆయిల్ ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్ పెట్టాలనుకుంటే స్పానర్ పట్టే ముందు ఇవి చూసుకోండి.

– పంపు కొనకముందే బండి కంప్యూటర్ సంగతి తేల్చుకోండి. ఎలక్ట్రిక్ స్టీరింగ్ మాడ్యూల్ నుంచి సమాచారం ఆగితే బండి జారకుండా పట్టే స్టెబిలిటీ కంట్రోల్ పనిచేయకపోవచ్చు. కొన్ని బండ్లలో ఇంజిన్ శక్తి కూడా తగ్గిపోతుంది. డబ్బంతా పోశాక ఇది బయటపడితే వెనక్కి వెళ్లడం మహా కష్టం.

– రోడ్డెక్కే బండైతే స్టీరింగ్ నుంచి చక్రాల దాకా షాఫ్టు ఉండి తీరాలి. షాఫ్టు లేకుండా ఆయిల్‌తోనే చక్రాలు తిప్పే పూర్తి హైడ్రాలిక్‌లో గొట్టం పగిలితే చక్రాలు మీ మాట వినవు.

– ఇంజిన్ ముందు పంపుకి చోటుందా? పుల్లీలు ఒకే వరుసలో లేకపోతే బెల్టు ఊడిపోతుంది.

– ప్రెషర్ గొట్టం పవర్ స్టీరింగ్‌ కోసం చేసిందే వాడండి. ఒత్తిడి 1,000 పీఎస్ఐ దాటుతుంది, మామూలు రబ్బరూ క్లిప్పూ ఆగవు. ఎగ్జాస్ట్‌కి దూరంగా లాగండి. వేడి మీద పడ్డ ఆయిల్ అంటుకుంటుంది.

– కూలర్ పెట్టండి. రాళ్లలో మెల్లగా నడిపేటప్పుడే ఆయిల్ బాగా కాగుతుంది.

– స్టార్ట్ చేయకముందే గాలి తీయండి: ముందు చక్రాలు లేపి, ఇంజిన్ ఆపి, ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పుతూ ఆయిల్ పోయండి. నురగతో తిరిగితే కొత్త పంపు ఊళ పెడుతుంది.