తేగల పాతర: వేయడం సులువే, తవ్వడమే తెలియాలి

సంక్రాంతి దగ్గర పడేసరికి శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ బయట తేగల కట్టలు, అంటే తాటి టెంకల మొలకలు, దిగుతాయి. కొని ఇంటికి తెచ్చి ఒలిస్తే సగం పీచు. మిగతా సగం నీళ్లోడుతూ చప్పగా ఉంటాయి. ఇందులో తాటిచెట్టు తప్పేమీ లేదు. తాటి టెంకల్ని మట్టిలో కప్పి మొలకెత్తించడాన్నే పాతర వేయడం అంటాం. అది వేసినవాళ్లు తొందరపడి ముందే తవ్వారు, లేదంటే వదిలేసి ఆలస్యంగా తవ్వారు. మాది సోంపేట వైపు, ఉద్దానం. ఊహ తెలిసినప్పటి నుంచి మా పెరట్లో పాతర లేని సంవత్సరం లేదు. పాతర వేయడం ఎవరికైనా వస్తుంది. తవ్వే రోజు కనిపెట్టడం మాత్రం దగ్గరుండి చూస్తేనే వస్తుంది.

కావలసినవి: తాటి టెంకలు, ఇసుక, పార, బొరిగె, నాలుగు రేగు కంపలు.

శ్రావణ, భాద్రపదాల్లో రాలిన పండ్ల టెంకలు తీసుకోండి. పండుకు మామూలుగా మూడు టెంకలుంటాయి, కొన్నింటికి రెండో ఒకటో. తాటి రొట్టెకి గుజ్జు తీసేశాక మిగిలిన టెంకలు చక్కగా పనికొస్తాయి. నిప్పుల మీద కాల్చిన పండు టెంకలు వేయకండి, వేడికి లోపలి మొలక చచ్చిపోతుంది. చేత్తో పట్టుకుంటే తేలిగ్గా, డొల్లగా అనిపించినవి పక్కన పడేయండి. వినాయక చవితి దాటాక ఒక వారంలోపు పాతర పడిపోవాలి.

పేరు పాతర కదా అని గొయ్యి తీయకండి. నేలకు పైన మెరకగా కట్టాలి. తాటి మొలక ముందు పైకి రాదు, టెంకలోంచి బయటపడి తిన్నగా కిందికి దిగుతుంది. మనం తినే తేగ ఆ దిగిన చోటే లావెక్కుతుంది. కింద గట్టి నేల తగిలితే వంకర తిరిగి పొట్టిగా ఉండిపోతుంది. అందుకే ఇసుక కలిసిన గుల్ల మట్టిని రెండున్నర అడుగుల ఎత్తు పోసి, పైన చదును చేసుకోవాలి. భోగాపురం, పూసపాటిరేగ వైపు ఎర్రనేల వాళ్లయితే సగానికి సగం ఇసుక కలపాల్సిందే.

గొయ్యి తీస్తే చాకిరీ తక్కువ, తేమ నిలుస్తుంది అని వాదించేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. మనకి అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన రోజు మా కొబ్బరి చెట్లు పడిపోయాయి. గోతుల్లో వేసిన పాతర్లు నీళ్లు నిలిచి కుళ్లిపోయాయి. మా మెరక పాతర పైమట్టి కొట్టుకుపోయింది, అంతే. మళ్లీ కప్పాం, ఆ ఏడు కూడా భోగికి తేగలు తిన్నాం. అప్పటి నుంచి ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను.

టెంకలు ఒకదానికొకటి తగిలేలా ఒక్క వరసే పేర్చండి. బోర్లానా, వెల్లకిలానా అని చూడక్కర్లేదు, ఎలా పెట్టినా మొలక కిందికే తిరుగుతుంది. చోటు కలిసొస్తుందని రెండు మూడు వరసలు వేస్తే పై టెంకల మొలకలు కింది టెంకల మధ్య ఇరుక్కుంటాయి. పైన నాలుగు వేళ్ల మందం మట్టి కప్పి, పందులు కెలకకుండా రేగు కంప వేసేయండి. వానలు ఆగిపోతే వారానికోసారి నీళ్లు చల్లండి. మట్టి చెమ్మగా ఉంటే చాలు, బురద కాకూడదు.

కార్తీకం వచ్చేసరికి పిల్లలు పాతర చుట్టూ తిరుగుతారు, బుర్రగుంజు కోసం. టెంక కొడితే లోపల తెల్లగా, మెత్తగా, తియ్యగా ఉంటుంది, వాళ్లని తప్పుపట్టలేం. కానీ కొట్టిన ప్రతి టెంకా ఒక తేగ లేనట్టే. అందుకే ఓ ముప్పై టెంకలతో పిల్లల కోసం పక్కన చిన్న పాతర వేస్తాను. పెద్ద పాతర మీద ఎవరూ చెయ్యి వేయకూడదు.

ఇక తవ్వడం. ఇక్కడ తొందర పనికిరాదు.

టెంకలో ఉన్న ఆహారమంతా మెల్లమెల్లగా తేగలోకి దిగుతుంది, అదే పిండిగా మారుతుంది. పూర్తిగా దిగకముందే తవ్వితే తేగ సన్నగా, నీరునీరుగా ఉంటుంది. దిగాక కూడా అలాగే వదిలేస్తే తేగ లోపలున్న మొవ్వు పొడుగెక్కి, ఆకై పైకి లేస్తుంది. ఆకు వెలుగు చూసిందంటే తేగలో పిండి ఆకు కింద ఖర్చయిపోతుంది, మిగిలేది పీచే. ఈ రెంటికీ మధ్య మూడు నాలుగు వారాలే మన చేతిలో ఉండేవి. చవితికి వేసిన పాతరకి ఆ రోజులు సుమారుగా భోగి చుట్టూ వస్తాయి. సుమారుగా అని ఎందుకంటున్నానంటే, తేదీని నమ్ముకుని తవ్వకూడదు. వాన ఎక్కువ పడిన ఏడు ఒకలా, తక్కువ పడిన ఏడు ఒకలా ఉంటుంది.

డిసెంబరు ఆఖరు వారంలో పాతర అంచు నుంచి ఒక్క తేగ తీసి చూడండి. మొదట టెంక కొట్టండి. బుర్రగుంజు ఇంకా గుండ్రంగా, తియ్యగా ఉంటే తేగకి ఆహారం అందలేదని అర్థం, మట్టి కప్పేసి పది రోజులు ఆగండి. అది కుంచించుకుపోయి, రంగు మారి, టెంక డొల్లగా ఉంటే తేగ తయారైనట్టు. తర్వాత తేగని మధ్యకి విరవండి. వంగి సాగితే లేత. టక్కున విరిగి, విరిగిన చోట బొటనవేలితో రాస్తే తెల్లటి పిండి వేలికి అంటుకోవాలి. చివరగా నిలువునా చీల్చి చందమామని చూడండి. లోపలి ఆ లేత మొవ్వునే పిల్లలు చందమామ అంటారు. అది తెల్లగా, పొట్టిగా ఉంటే బెంగ లేదు. పసుపు తిరిగి పైదాకా ఎగబాకిందంటే ఆ వారంలోనే పాతరంతా ఖాళీ చేయండి. ఈ మూడూ చూడాలి, ఒక్కటి చూసి నిర్ణయించుకోకండి.

ఓసారి పెద్దబ్బాయికి సెలవు దొరకలేదని, వాడు వచ్చాకే తవ్వుదామని రథసప్తమి దాకా ఆగాను. వాడు వచ్చేసరికి పాతర మీద ఆకులు కత్తుల్లా నిలబడి ఉన్నాయి. మూడొందల టెంకల్లో నోట్లో పెట్టుకోదగ్గవి ఇరవై కూడా లేవు. ఐదు నెలలు కాపు కాసిన పాతర అది. ఆ రోజు మా ఆవిడ వాటిని ఉడికించకుండానే గట్టు మీద పడేసింది.

తవ్వే పద్ధతి కూడా ముఖ్యమే. పైనుంచి టెంక పట్టుకుని లాగితే మెడ దగ్గర తెగి తేగ మట్టిలోనే ఉండిపోతుంది. పై నుంచి గునపం దించితే ముక్కలైపోతుంది. విరిగిన తేగ రెండో రోజుకే నల్లబడుతుంది. ముందు రోజు సాయంత్రం పాతర మీద నీళ్లు చల్లండి. మర్నాడు ఒక పక్క నుంచి నేలమట్టం దాకా మట్టి తీసి గోడలా నిలబెట్టండి. అప్పుడు తేగలు వరసగా, పళ్ల దువ్వెనలా కనిపిస్తాయి. బొరిగెతో వాటి అడుగున మట్టి తప్పించి, వేళ్లు తెంపి, ఒక చెయ్యి కింద పెట్టి టెంకతో సహా ఎత్తాలి. టెంకని తర్వాత కత్తితో కోసుకోవచ్చు. పై తొడుగు తీయకండి, కడగకండి. ఆ పూట తినేవే తవ్వండి, తేగకి పాతర కన్నా మంచి నిల్వ చోటు లేదు.

వండడం తేలిక. పచ్చివి తినకూడదు. ఉప్పు, చిటికెడు పసుపు వేసి గంట సేపు ఉడికించవచ్చు, కుక్కర్‌లో కూడా పెడతారు. నా మటుకు తేగ అంటే తంపటి వేసినదే. పాత కుండలో తేగలు బిగుతుగా కుక్కి, మూతికి గడ్డి దోపి, కుండ బోర్లించి, చుట్టూ ఎండు కమ్మలు, పిడకలు పేర్చి నిప్పు పెట్టండి. మంట ఆరాక కుండని కదపకుండా చల్లారనివ్వండి. తీశాక పై పొర గోటితో పట్టి లాగితే నిలువునా వచ్చేస్తుంది. రెండుగా చీల్చి, మధ్యలో పీచు తీసేసి, చందమామని మాత్రం పక్కన కూర్చున్న చిన్నపిల్లల చేతిలో పెట్టండి.