పిల్ల గాజుతో కొలిచి, పేలికలతో కుట్టి: ఏడాదిన్నర పిల్లకు ఇంటి ఆటవస్తువులు

వరంగల్ కొత్తవాడలో మా ఇల్లు. చుట్టూ జంపఖానాల మగ్గాలు, నా గదిలో కుట్టుమిషన్. బ్లౌజులు కుడతాను. కొడుకూ కోడలూ డ్యూటీకి పోయాక మనుమరాలు నా దగ్గరే ఉంటుంది. దానికి ఏడాదిన్నర. సూదులు, గుండీలు, పిన్నులు ఉన్న గదిలో దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. దాని చేతులకు ఏదో ఒక పని ఇస్తే తప్ప నాకు ఒక్క కాజా కూడా తెగదు. అందుకే దాని ఆటవస్తువులు చాలావరకు నేనే చేస్తాను.

ఈ వయసులో బొమ్మ ముఖం ఎలా ఉందన్నది పిల్లలకు పట్టదు. కళ్లూ ముక్కూ మనం మన ముచ్చట కొద్దీ కుడతాం. వాళ్లకు కావాల్సింది లోపల వెయ్యడం, బయటికి తియ్యడం, తొయ్యడం, మూత పెట్టడం, మళ్లీ తియ్యడం. కాబట్టి ఏదైనా మొదలుపెట్టే ముందు, దీంతో పిల్ల ఏం చేస్తుందో ఆలోచించండి. చూసి నవ్వుతుంది, అంతే అనిపిస్తే ఆ శ్రమ దండగ.

ముందు గాజు కొలత

పిల్ల చేతి గాజు ఒకటి పక్కన పెట్టుకోండి. మా దానికి 1.10 సైజు. అంటే లోపలి అడ్డం అంగుళం మీద పదహారింట పది వంతులు, సుమారు 4.1 సెంటీమీటర్లు. ఆ గాజులోంచి జారిపడేది ఏదీ దాని చేతికి ఇవ్వను. బొమ్మల ప్రమాణాల్లో మూడేళ్ల లోపు పిల్లల కోసం వాడే పరీక్ష గొట్టం వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా పట్టే వస్తువు ఆ వయసు పిల్లలకు పనికిరాదు. మన గాజు అంతకంటే పెద్దది కాబట్టి ఇంకా గట్టి జల్లెడ పట్టినట్టే. నీళ్ల సీసా మూత, గుండీ, చింతగింజ, గోలీ, పూస, అన్నీ అక్కడే ఆగిపోతాయి. చెంచా లాంటి పొడుగు వస్తువులు గాజులోంచి పోయినా ఇవ్వొచ్చు, కానీ పిల్ల కూర్చున్నప్పుడు మాత్రమే.

తాడుకు కొలత జానెడు. అంతకు మించితే మెడకు చుట్టుకునే భయం. జానెడు తాడు కట్టిన బండిని నిలబడి లాగడం కుదరదు కాబట్టి నేను లాగే బండ్లు చెయ్యను, తోసేవే చేస్తాను. ఇక నూలు కుచ్చులు. మా వీధిలో రంగు రంగుల నూలు తుంటలకు కొదవ లేదు, చూస్తే చెయ్యి ఊరుకోదు. అయినా వద్దు. పోగు ఊడి పిల్ల వేలికో కాలివేలికో చుట్టుకుందంటే రక్తం ఆడదు, పైకి కనబడదు కూడా. ఎందుకు ఏడుస్తోందో తెలియక మనకు టెన్షన్.

కొనే బొమ్మల మీద 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఇంట్లో చేసిన వాటికి ఆ పరీక్ష చేసేది మనమే. లాగి చూడాలి, మెలిపెట్టి చూడాలి, ఒకసారి తడిపి చూడాలి.

డబ్బా, మూతలు

అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే ఎక్కువ సేపు ఆడేది ఇదే. పాలపొడి డబ్బా, ప్లాస్టిక్ మూత ఉన్నది తీసుకోండి. లోపలి అంచు గరుకుగా ఉంటే ఇన్సులేషన్ టేపు రెండు వరసలు మడిచి అతికించండి. డబ్బాలో వెయ్యడానికి పచ్చడి సీసాల వెడల్పు మూతలు పనికొస్తాయి. ఒక మూతను ప్లాస్టిక్ మూత మీద నిలువుగా పెట్టి, దాని మందానికీ పొడుగుకూ తగ్గట్టు గీత గీసి, గీతకు కాస్త బయటగా కొయ్యండి. మరీ వదులైతే మూత దానంతటదే పడిపోతుంది, పిల్లకు పని మిగలదు. మరీ బిగుతైతే విసిగి డబ్బానే విసిరేస్తుంది. కోసిన అంచును వేలితో తడిమి చూసి, గుచ్చుకుంటే అరంకాగితంతో రుద్దండి.

మొదటి రోజు పైమూత తీసి ఉత్త డబ్బా ఇవ్వండి. వెయ్యడం, కుమ్మరించడం వచ్చాక మూత బిగించండి. మా పిల్ల మూతను అడ్డంగా పెట్టి నొక్కుతుంది, పోదు. నా ముఖం చూస్తుంది. నేను మిషన్ తొక్కుతూ చూడనట్టే ఉంటాను. చెయ్యి తిప్పుతుంది, మూత నిలువుగా అవుతుంది, ‘టంగ్’ మంటుంది. రేకు డబ్బానే ఎందుకంటే ఆ చప్పుడు కోసమే. ప్లాస్టిక్ డబ్బాలో ఆ మజా లేదు.

పేలికల బంతి

రబ్బరు బంతి దొర్లి మంచం కిందికి పోతుంది, వంగి తియ్యడానికి నా మోకాళ్లు ఒప్పుకోవు. గుడ్డ బంతి వేసిన చోటే ఆగుతుంది, చిన్న చేతికి పట్టు దొరుకుతుంది.

కాటన్ లైనింగ్ ముక్కలు గానీ, మెత్తని బ్లౌజు ముక్కలు గానీ ఆరు కావాలి. జరీ ఉన్నది వద్దు, నోట్లో గీసుకుంటుంది. కొత్త గుడ్డయితే ముందు ఉప్పునీళ్లలో నానబెట్టి, రంగు పోతుందో లేదో తెల్లగుడ్డతో రుద్ది చూడండి. కాగితం మీద ఆకు ఆకారం గీయండి: పొడుగు 20 సెంటీమీటర్లు, నడుమ వెడల్పు 8, రెండు కొసలూ మొనదేలాలి. చుట్టూ ఒక సెంటీమీటరు కుట్టులోకి పోతే మిగిలేది 18, 6. ఆరు ముక్కలు కలిస్తే చుట్టుకొలత 36 అవుతుంది, బంతి అడ్డం సుమారు 11న్నర సెంటీమీటర్లు. రెండు చేతులతో ఎత్తుకోవడానికి సరిగ్గా సరిపోతుంది.

మంచివైపులు కలిపి ముక్కకు ముక్క కుట్టండి. కుట్టు చిన్నది పెట్టి, అదే గీత మీద రెండోసారి పోనివ్వండి. కొసల దగ్గర ఆరు ముక్కలూ ఒకే బిందువులో కలవాలని పంతం పట్టొద్దు. అక్కడ చిన్న బొక్క మిగులుతుంది, పైన గుండ్రటి గుడ్డ బిళ్ల వేసి చుట్టూ కుట్టేస్తే బలం కూడా. చివరి అతుకులో నాలుగు వేళ్లు పట్టేంత సందు వదిలి తిరగేయండి.

లోపల కూరడానికి పేలికలను సన్నగా కత్తిరించండి. పెద్ద ముక్కలైతే బంతి గడ్డలు గడ్డలుగా వస్తుంది. పాత దిండు దూది ఉంటే పేలికలకు చుట్టూ పెట్టండి. చప్పుడు కోసం గింజలో మువ్వలో వేద్దామనిపిస్తుంది. వద్దు, కుట్టు విడిన రోజు అవి నోట్లోకే పోతాయి. ఖాళీ చిప్స్ కవర్ కడిగి ఆరబెట్టి, రెండు గుడ్డల మధ్య పెట్టి నాలుగువైపులా కుట్టి, ఆ బిళ్లను బంతిలో పైగుడ్డకు దగ్గరగా పెట్టండి. నొక్కినప్పుడల్లా గరగరమంటుంది. సందును రెండు పేటల దారంతో చేత్తో మూసి, ముడిని లోపలికి లాగెయ్యండి.

కోన్లు

నూలు చుట్టి వచ్చే అట్ట కోన్లు అయిపోయాక పారేస్తారు. ఒకదాని మీద ఒకటి బోర్లిస్తే గోపురంలా పేరుకుంటాయి. చెయ్యాల్సిందల్లా మిగిలిన దారం మొత్తం ఊడదీసి, దుమ్ము తుడిచి ఇవ్వడమే. రంగు వెయ్యకండి, ఎలాగూ నములుతుంది. అట్ట నాని మెత్తబడగానే తీసేసి వేరేది ఇవ్వాలి.

ఎండాకాలం బండి

ముంజల సీజన్లో బండివాళ్లు ముంజలు తీసేసిన తాటికాయలను కుప్ప పోస్తారు. అడిగితే రెండు ఊరికే ఇస్తారు. రెండూ ఒకే సైజువి ఏరుకోండి. బొటనవేలు లావు పుల్లను ఇరుసుగా రెండింటి నడుమా గుచ్చి, మధ్యలో జానెడు ఎడం వదలండి. పంగ ఉన్న కర్రను ఆ ఇరుసు మీద ఆనిస్తే తోసే బండి తయారు. పెద్ద పిల్లల బండికీ దీనికీ తేడా కర్ర దగ్గరే ఉంది. చిన్నదాని బండికి కర్ర దాని ఛాతీ దాకా చాలు. పంగ జారిపోకుండా ఇరుసుకు వదులుగా గుడ్డపీలికతో కట్టండి. చేతివైపు కొసకు గుడ్డ ఉండలా చుట్టి గట్టిగా కుట్టెయ్యండి, పడితే కంటికో నోటికో తగలకుండా. మనం పక్కన నడవాల్సిందే. కాయలు ఎండి ముడుచుకుపోయినా, ఈగలు వాలినా పారేసి కొత్తవి తెచ్చుకోవాలి.

పిండి ముద్ద, పూలు

గోధుమపిండి ఒక గ్లాసు, చెంచా నూనె, పసుపు కలిపిన నీళ్లు. చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా తడపండి. ఎరుపు కావాలంటే బీట్‌రూట్ నీళ్లు. నిలవ ఉండాలని కొందరు ఇందులో పిండికి సగం ఉప్పు వేస్తారు. నోట్లో పెట్టుకునే పిల్లకు అంత ఉప్పు ప్రమాదం, మూడేళ్లు దాటాక చూసుకోవచ్చు. ఉప్పు లేని ముద్ద సాయంత్రానికి పులుస్తుంది, ఆవుకో దూడకో పెట్టేయండి. గ్లాసు అంచుతో అచ్చులు వెయ్యడం, జల్లిగంటె మీద నొక్కితే బొడిపెలు రావడం, దానికి అదే పెద్ద పండగ.

బతుకమ్మ రోజుల్లో పళ్లెంలో గునుగు, తంగేడు, బంతిపూలు పోసి ముందు పెట్టండి. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పూలు మార్చుకుంటూ కూర్చుంటుంది. రంగుల్లో ముంచిన గునుగు మాత్రం ఇవ్వొద్దు. తెల్ల గునుగే ఇవ్వండి, అదీ మీరు పక్కన కూర్చుని పేరుస్తున్నప్పుడే.

మా కోడలు నిర్మల్ బొమ్మ ఒకటి తెచ్చింది, పొనికి చెక్కతో చేసినది. చాలా అందంగా ఉంది. షోకేసులో పెట్టించాను. పళ్లు వస్తున్న పిల్లకు రంగు పూసిన బొమ్మ ఎందుకు?

గుడ్డ బంతిని వారానికోసారి సబ్బునీళ్లలో పిండి, ఎర్రటి ఎండలో రోజంతా వెయ్యండి. లోపలి పేలికలు ఆరడానికి టైం పడుతుంది, తడి మిగిలితే ముక్క వాసన వస్తుంది. ఆరబెట్టే ముందే అతుకులన్నీ గోటితో గీకి చూడండి. ఒక్క దారం లేచినా ఆ రోజుకు బంతి పిల్లకు ఇవ్వకుండా మిషన్ మీదికి ఎక్కించండి.