షెల్టర్‌లో సాయం చేయాలనుకుంటే: ముందు చీపురు, తర్వాతే బెల్టు

కుక్కలంటే ప్రాణం పెట్టేవాళ్లు షెల్టర్‌కు వచ్చిన మొదటి రోజు చేసే పని ఒకటే: కనిపించిన ప్రతి కుక్కపిల్లనూ ఎత్తుకొని ముద్దాడటం. పొద్దుగాల అలా ఏడు గదులు తిరిగితే, చేతుల మీద, చెప్పుల అడుగున పార్వో వైరస్ కూడా ఏడు గదులు తిరిగినట్టే. నాలుగైదు రోజులకు వాంతులు, నెత్తుటి విరేచనాలు మొదలవుతాయి. టీకాలు పడని పిల్లల్లో ఎన్ని దక్కుతాయో డాక్టర్ కూడా చెప్పలేడు. అందుకే ఈ పనిలో ముందు నేర్వాల్సింది వరుస. ఏ గదిలోకి ముందు పోవాలి, ఏ గదిలోకి చివర పోవాలి, ఏ బకెట్ దేనికి అన్నది తెలిస్తే సగం పని వచ్చినట్టే.

ముందు మీ సూది

రేబిస్ టీకా కరిచాక వేయించుకునేదే అనుకుంటారు చాలామంది. కుక్కలతో, పిల్లులతో పనిచేసేవాళ్లు ముందే వేయించుకోవాలి. మూడు డోసులు: మొదటి రోజు (దీన్ని 0 అని లెక్కిస్తారు), 7వ రోజు, 21 లేదా 28వ రోజు. భుజానికే వేస్తారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం ఎప్పుడో పోయింది. ముందే వేయించుకున్నవాళ్లకు తర్వాత కాటు పడితే రెండు డోసులు చాలు, మొదటి రోజు ఒకటి, మూడో రోజు ఒకటి. గాయంలో ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే తయారు యాంటీబాడీల మందు) అక్కర్లేదు. ధనుర్వాతం టీకా వేయించుకొని ఎన్నేళ్లయిందో కూడా చూసుకోండి.

నిండు ప్యాంటు, కడిగితే ఆరే బూట్లు వేసుకోండి. చున్నీ, వేలాడే కమ్మలు ఇంట్లోనే పెట్టి రండి. కుక్క ఆటకు లాగినా చెవి తెగుతుంది. గర్భిణులు పిల్లుల మలం ముట్టొద్దు, అందులో ఉండే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి అంటుకుంటే కడుపులో బిడ్డకు ప్రమాదం.

ఏ రోజు వస్తారో ఒకటే రోజు ఖాయం చేసుకోండి. ఆదివారం పది మంది వచ్చి ఒకరి కాళ్లకు ఒకరు అడ్డం పడతారు, మంగళవారం బకెట్ ఎత్తే మనిషి ఉండడు. వారానికి ఒక్క మంగళవారం మూడు గంటలు వచ్చే మనిషే షెల్టర్‌కు దిక్కు.

గది కడగడం

మన దిక్కు షెల్టరంటే ఎక్కువగా రేకుల షెడ్డు, షాబాద్ బండల నేల. కడిగే వరుస ఇది: పాలు తాగే పిల్లలు, టీకాలు పూర్తికాని పిల్లలు ఉన్న గది ముందు. తర్వాత ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కలు. ఆ తర్వాత కొత్తగా వచ్చి 14 రోజుల పరిశీలనలో ఉన్నవి. జబ్బువి అన్నిటికన్నా చివర. జబ్బు గది చీపురు, బకెట్, బూట్లు అక్కడే ఉండాలి. వాటి పిడికి ఎర్ర టేపు చుట్టి పెడితే ఎవరూ పొరపాటున తీసుకోరు. ఒకసారి ఆ గదిలోకి పోయాక ఆ పూట మళ్లీ పిల్లల గది మొఖం చూడొద్దు.

కుక్కను ఖాళీ గదికి మార్చి, మలాన్ని పొడిగానే పారతో ఎత్తండి. తొందరపడి పైపుతో కొడితే అది తుంపరలై పక్క గది గోడదాకా ఎగురుతుంది. మూత్రాన్ని మంచినీళ్లతో పారించి కడగాలి. మూత్రం మీద నేరుగా బ్లీచింగ్ పోస్తే కళ్లు, గొంతు మండే వాయువు లేస్తుంది. తర్వాత సర్ఫు నీళ్లతో గట్టి చీపురు పెట్టి రుద్దాలి. ఈ మెట్టు ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ, నష్టం కూడా ఇక్కడే. మురికి ఉన్నచోట క్లోరిన్ ఆ మురికితోనే ఖర్చయిపోతుంది, వైరస్ దాకా చేరదు.

రుద్ది కడిగాక బ్లీచింగ్. 10 లీటర్ల బకెట్‌కు 30 శాతం క్లోరిన్ ఉన్న పౌడర్ 60 గ్రాములు, సీసాలో దొరికే 5 శాతం ద్రవమైతే 300 మిల్లీలీటర్లు. పౌడర్‌ను ముందు మగ్గులో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, బకెట్‌లో పోసి, పది నిమిషాలు ఆగి పైన తేరిన నీళ్లే వాడండి. అడుగున మిగిలేది సున్నపు మడ్డి. నేల 10 నిమిషాలు తడిగా ఉంటేనే పార్వో చస్తుంది. మే నెలలో రేకుల కింద మూడు నిమిషాలకే ఆరిపోతుంది, అప్పుడు మళ్లీ చల్లాలి, ఇంకోసారి చూసి మళ్లీ చల్లాలి. ఆ తర్వాత కడిగి, పూర్తిగా ఆరాకే కుక్కను లోపలికి వదలండి. కలిపిన నీళ్లు ఆ రోజుకే. మూత తీసి ఉంచిన పౌడర్ గడ్డకట్టి ఘాటు పోతే, తూకం ఎంత సరిగ్గా వేసినా పని చేయదు.

రెండు తప్పులు ప్రతిచోటా కనిపిస్తాయి. ఒకటి ఫినాయిల్. ఘాటు వాసన వస్తే శుభ్రమైందనుకుంటాం, కానీ పార్వో మీద దాన్ని నమ్ముకోలేం. పైగా పిల్లులకు అది విషం. డెట్టాల్ కూడా అంతే, పాదాలకు అంటింది నాకితే చాలు, ఎందుకంటే ఆ రసాయనాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు. రెండోది యాసిడ్. షాబాద్ బండ సున్నపురాయి, యాసిడ్ పోస్తే పైపొర తిని గుంటలు పడతాయి, ఆ గుంటల్లో, బండల సందుల్లో మురికి నిలబడిపోతుంది. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది, మూసిన షెడ్డులో మనిషి ప్రాణం మీదికే వస్తుంది. సందులకు సిమెంట్ పెట్టించడం ఒక పూట పని. దాతలు ఏం కావాలని అడిగితే బిస్కెట్లకు బదులు ఇది అడగండి.

బువ్వ

15 కిలోల ఊరకుక్కకు పొడి తిండి అయితే రోజుకు 250 గ్రాములు, రెండు పూటలుగా. వండి పెడితే నూకల బువ్వ, ఉడికించిన చికెన్ సగం సగం కలిపి రోజుకు అర కిలో, కుక్క ఒళ్లు చూసి కొంచెం అటూ ఇటూ. ఉప్పు, కారం వద్దు. ఉల్లిగడ్డ, ఎల్లిపాయ అసలే వద్దు, నెత్తురులో ఎర్ర కణాలు చితికిపోతాయి. పెండ్లిళ్ల కాలంలో ఫంక్షన్ హాల్ నుంచి మిగిలిన బిర్యానీ బగోనెలు దించి పోతారు. ఇచ్చేవాళ్ల మనసు మంచిదే, కానీ అందులో వేయించిన ఉల్లిగడ్డ, మసాలా, ఉడికిన బొక్కలు అన్నీ ఉంటాయి. ఉడికిన కోడి బొక్క సూదిలా చీలి పేగులో గుచ్చుకుంటుంది. దండం పెట్టి వెనక్కి పంపండి.

రోజుల తరబడి తిండి లేని కుక్క వస్తే జాలితో గిన్నె నింపొద్దు. మొదటి రెండు రోజులు పిడికెడు చొప్పున నాలుగైదు సార్లు, అదీ డాక్టర్ చెప్పినట్టు.

మన బోరు నీళ్లకు స్టీలు గిన్నెల్లో తెల్లటి పొర పేరుకుంటుంది, దాని కింద పాచి. చింతపండుతో తోమితే వదులుతుంది.

కుక్కను బయటికి తీయడం

తలుపు ఎదురుగా నిలబడకుండా పక్కకు తిరిగి, కళ్లలోకి చూడకుండా ఆగండి. మూతి నాక్కోవడం, నిద్ర రాకున్నా ఆవలించడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం భయానికి గుర్తులు. ఒళ్లు బిగుసుకొని తోక నిటారుగా ఆగిపోతే ఆ రోజుకు వదిలేయండి. గుర్రుమన్నందుకు కొట్టొద్దు. గుర్రుమనడం ఆపేసిన కుక్క ఈసారి చెప్పకుండానే కరుస్తుంది.

తలుపు జానెడు తీసి, మీ మోకాలు అడ్డం పెట్టి, తాడు ఉచ్చు చెవుల వెనక పడేలా వేశాకే తలుపు పూర్తిగా తీయాలి. బెల్టు ఉంటే మెడకూ బెల్టుకూ మధ్య రెండు వేళ్లు పట్టాలి. మూడు పట్టాయంటే తల వెనక్కి లాగి జారిపోతుంది. తాడును చేతికి చుట్టుకోకండి, కోతిని చూసి ఒక్క ఉరుకు ఉరికితే వేలు విరుగుతుంది. ఇంకో కుక్క ఎదురైతే పదడుగుల దూరం. కొట్లాట మొదలైతే మధ్యలో చేయి పెట్టొద్దు. బకెట్ నేలకేసి కొట్టండి, నీళ్లు గుమ్మరించండి, లేదా అట్ట అడ్డం పెట్టండి.

ఎండకాలంలో నలగొండలో 44 డిగ్రీలు దాటిన రోజులుంటాయి. నడక పొద్దున ఏడు లోపు, సాయంత్రం ఆరున్నర తర్వాత. సీసీ రోడ్డు మీద అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆన్చి ఉంచలేకపోతే కుక్క పాదానికీ అది పెనమే. నాలుక ముదురు ఎరుపై, జొల్లు చిక్కబడి, తూలుతుంటే వడదెబ్బ. నీడకు తెచ్చి మామూలు నీళ్లు ఒళ్లంతా పోస్తూ ఫ్యాన్ పెట్టండి. తడి గోనెసంచి కప్పడం మనకు అలవాటు, కానీ అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. ఒంటి వేడి 103 ఫారెన్‌హీట్‌కు దిగగానే నీళ్లు ఆపి పశువుల దవాఖానకు తీసుకుపోండి.

పిల్లుల గది

కుక్కల మొరుగుడు వినపడనంత దూరం ఉండాలి. కొత్త పిల్లి గూట్లో ఒక అట్టపెట్టె పెట్టి, పైన బట్ట కప్పి రెండు రోజులు దాని మానాన వదిలేయండి. పెట్టెలోంచి చెయ్యి పెట్టి లాగితే నమ్మకం వారం వెనక్కి పోతుంది. ఎత్తాల్సి వస్తే పెద్ద తువ్వాలుతో నాలుగు కాళ్లూ లోపలికి వచ్చేలా చుట్టండి. మెడ తోలు పట్టి వేలాడదీయడం పెద్ద పిల్లికి పనికిరాదు.

మలానికి జల్లించిన ఇసుక లేదా రంపపు పొట్టు చాలు, రోజుకు రెండుసార్లు తీయాలి. మగపిల్లి ఇసుకలో కూచొని ముక్కుతూ చుక్క కూడా పోయలేకపోతే మూత్రనాళం మూసుకుపోయినట్టు. రేపటిదాకా ఆగే జబ్బు కాదది. పాలబువ్వతో పిల్లి బతకదు, దానికి మాంసం కావాలి. పెద్ద పిల్లి రెండు రోజులు ముద్ద ముట్టకపోతే కాలేయం చెడే ప్రమాదం ఉంది, వెంటనే చెప్పండి. పారాసిటమాల్ అర గోలీ అయినా దాన్ని చంపుతుంది. కుక్కలకు చల్లే పిడుదుల మందులో పర్మెత్రిన్ ఉంటే అదీ అంతే.

తల్లి లేని పిల్లికూన చల్లగా ఉంటే ముందు వెచ్చబెట్టండి, పాలు తర్వాత. చల్లటి కడుపులో పాలు అరగవు. వెల్లకిలా పట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా పడుకోబెట్టి, తల కొంచెం ఎత్తి, కూనల కోసం అమ్మే పాలపొడి కలిపిన పాలే తాగించాలి, మొదటి వారం రెండు మూడు గంటలకోసారి. ప్రతిసారీ తడి దూదితో కింద నెమ్మదిగా రాస్తేనే మూత్రం పోస్తుంది. కిరాణా కాటా మీద రోజూ తూచండి, రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. ఒక రోజు పెరగకపోతే అదే మొదటి హెచ్చరిక.

రాసి పెట్టండి

ప్రతి గదికి ఒక కార్డు. “బాగుంది” అని రాస్తే ఎవరికీ పనికిరాదు. “7వ గది, గోధుమ రంగు ఆడకుక్క, పొద్దున సగం తిన్నది, మలం పలుచగా, పదిన్నరకు ఒక వాంతి, పసుపు నురగ” అని రాస్తే డాక్టర్‌కు పని దొరుకుతుంది. ఎక్కడ పట్టారన్నది తప్పకుండా రాయాలి. 2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనల ప్రకారం వీధికుక్కను ఆపరేషన్, టీకా అయ్యాక తెచ్చిన చోటే వదలాలి. బడులు, దవాఖానలు, బస్టాండ్ల లాంటి చోట్ల పట్టినవాటిని మాత్రం మళ్లీ అక్కడ వదలొద్దని 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు చెప్పింది. కార్డు మీద “టౌన్” అని మాత్రమే ఉంటే ఆ కుక్క ఎటు పోవాలో ఎవరికీ తెలియదు. కార్తీకంలో జతకట్టిన కుక్కలు సంక్రాంతి నాటికి ఈనుతాయి, ఆ రెండు నెలలు కార్డులకు కట్ట ముందే తెచ్చి పెట్టుకోండి.

కాటు పడితే

పిల్లి గీరు కూడా ఇందులోకే వస్తుంది. పారే నీళ్ల కింద సబ్బుతో గడియారం చూసి 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి ఏవీ పెట్టొద్దు, గట్టిగా కట్టు కట్టొద్దు. అదే రోజు సర్కారు దవాఖానకు పోండి. ముందు టీకా లేనివాళ్లకు కండకు వేసేదైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో అయిదు డోసులు, చర్మంలోకి వేసేదైతే 0, 3, 7, 28 రోజుల్లో. నెత్తురు వస్తే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా గాయంలో ఇవ్వాలి. కరిచిన జంతువును 10 రోజులు కట్టి గమనించాలి, కానీ ఆ పది రోజులు చూసి సూది మొదలుపెడదామని ఆగొద్దు. చిన్నదే కదా, షెల్టర్‌కు మాట వస్తుందని దాచేవాళ్లుంటారు. దాచొద్దు.

పోయే ముందు చేతులు మోచేతుల దాకా కడిగి, బూట్ల అడుగులు ముందు రుద్ది కడిగి, ఆ తర్వాత బ్లీచింగ్ నీళ్లలో పది నిమిషాలు ముంచి తీయండి. పని బట్టలు వేరే సంచిలో కట్టి తీసుకుపోండి. ఇంట్లో మీ కుక్క గుమ్మం దగ్గరే ఎదురు చూస్తుంటుంది. స్నానం అయ్యేదాకా దాన్ని ముట్టకండి.