ముందు 2 సంగతి చూడండి, ఆ తర్వాతే లెక్క

బెంగళూరు మారతహళ్లిలో మేముండే వీధి నిండా పీజీ హాస్టళ్లే. ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక అనంతపురం, కడప, మదనపల్లె పిల్లలు నలుగురైదుగురు మా ఇంటికొస్తారు. ఒకరిది బ్యాంకు పరీక్ష, ఒకరిది క్యాట్, ఇంకొకరిది జీఆర్ఈ. ప్రైమ్ నంబర్ల (ప్రధాన సంఖ్యల) లెక్క కనిపిస్తే మాత్రం అందరికీ ఒకటే టెన్షన్. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

1 ప్రధాన సంఖ్య కాదు. ప్రధాన సంఖ్యకు సరిగ్గా రెండు కారణాంకాలుండాలి (అంటే దాన్ని శేషం లేకుండా భాగించే సంఖ్యలు), 1కి ఉన్నది ఒక్కటే. నేను రాసిన మొదటి ప్రవేశ పరీక్షలో 20 లోపు ప్రధాన సంఖ్యల మొత్తం అడిగారు. 1ని కూడా కలిపేసి 78 అని పెట్టి వచ్చాను. జవాబు 77. ఆప్షన్లలో 78 కూడా ఉంది! మనం ఎక్కడ పొరబడతామో ప్రశ్న తయారుచేసేవాళ్లకు తెలుసు.

ఇక 2. సరి సంఖ్యల్లో ప్రధాన సంఖ్య ఇదొక్కటే. రెండు ప్రధాన సంఖ్యల మొత్తం 55 అయితే లబ్ధం ఎంత? రెండూ బేసి అయితే మొత్తం సరి సంఖ్య వస్తుంది. 55 బేసి కాబట్టి ఒకటి 2 కావాల్సిందే, రెండోది 53, లబ్ధం 106. పెన్ను కదపక్కర్లేదు. అదే మొత్తం 65 ఇస్తే రెండోది 63 కావాలి. అది 3తో పోతుంది, కాబట్టి అలాంటి జతే లేదు. 'p ప్రధాన సంఖ్య' అని కనబడగానే p = 2 అయితే ఏమవుతుందో చూడందే ముందుకు వెళ్లకండి.

ఒక సంఖ్య ప్రైమో కాదో తేల్చడానికి దాని వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగిస్తే చాలు. రెండు కారణాంకాలూ వర్గమూలం కంటే పెద్దవైతే వాటి లబ్ధం ఆ సంఖ్యను దాటిపోతుంది కదా. 211 తీసుకోండి. 17 వర్గం 289, కాబట్టి 13 దాకా చూస్తే సరి. 2, 3, 5, 7, 11, 13 దేనితోనూ పోదు, ప్రైమే. 221 మాత్రం 13×17. 500డి బస్సు సిల్క్ బోర్డు దగ్గర ఆగిపోయినప్పుడు ముందున్న కారు నంబరులో చివరి మూడంకెలు తీసుకుని ఇలాగే సాధన చేయమంటాను. నెల తిరిగేసరికి చెయ్యి తిరుగుతుంది.

మదనపల్లె అమ్మాయి 91ని చూడగానే ప్రైమ్ అనేసేది. 70+21గా విడగొట్టి చూపించాను, రెండూ 7తో పోతాయి. 119 అంటే 70+49, 133 అంటే 140లో 7 తక్కువ. 51, 57, 87 అంకెలు కూడితే వచ్చే మొత్తం 3తో పోతుంది, కాబట్టి ఆ సంఖ్యలూ 3తో పోతాయి. 3 కంటే పెద్ద ప్రైమ్ ఏదైనా 6 గుణిజానికి పక్కనే ఉంటుందన్నది నిజమే. అలా పక్కనున్నవన్నీ ప్రైమ్ కావు. 25, 35 చూడండి.

సరిగ్గా మూడు కారణాంకాలున్న సంఖ్యలు అడిగితే అవి ప్రధాన సంఖ్యల వర్గాలు. 100 లోపు 4, 9, 25, 49, అంతే.

ఈ వారం వాళ్లకిచ్చిన లెక్క: p, p+2, p+4 మూడూ ప్రైమ్ అయ్యేవి ఎన్ని? గంటసేపు వెతికారు. ఈ మూడింట్లో ఒకటి తప్పకుండా 3తో పోతుంది, కాబట్టి ఆ ఒకటి 3 అయితేనే కుదురుతుంది. 3, 5, 7 ఒక్కటే.